పాత జీపీఐబీ, కొత్త ల్యాన్, మధ్యలో పీఎక్స్‌ఐ: టెస్టు రాక్‌ను ఒక దారికి తెచ్చే పద్ధతి

ఆటోనగర్‌లో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే చిన్న యూనిట్ కావచ్చు, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ కావచ్చు, మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల టెస్టు బెంచి కావచ్చు. అన్ని పరికరాలూ ఒకేసారి, ఒకే కాలానివి కొని మొదలుపెట్టే అదృష్టం విశాఖలో కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్ల బల్ల మీద ఉండేది కలగాపులగమే. వెనక వెడల్పాటి 24 పిన్నుల జీపీఐబీ సాకెట్ ఉన్న పాత మల్టీమీటర్ ఒకటి, ల్యాన్ వైరు పట్టే కొత్త ఆసిలోస్కోపు ఒకటి, యూఎస్‌బీ జనరేటర్ ఒకటి, కార్డులు గుచ్చే పీఎక్స్‌ఐ పెట్టె ఒకటి. వీటన్నిటినీ ఒకే కంప్యూటర్‌తో ఎలా నడిపించాలో ఇక్కడ చెబుతున్నాం.

ఉదాహరణగా ఒక పని అనుకుందాం. 5 వోల్టుల ఇన్‌పుట్‌తో నడిచే రెగ్యులేటర్ బోర్డు ఉంది. హెచ్‌పీ ఈ3631ఏ పవర్ సప్లయ్‌తో దానికి కరెంటు ఇవ్వాలి, పీఎక్స్‌ఐ రిలే కార్డుతో (కమాండ్‌తో మూసుకునే స్విచ్చుల కార్డు) లోడు మార్చాలి, 34401ఏ మల్టీమీటర్‌తో వోల్టేజీ చదవాలి, లోడు మారిన క్షణంలో వోల్టేజీ ఎంత కుంగిందో ల్యాన్ స్కోపులో పట్టుకోవాలి. ఇందులో వచ్చే కమాండ్లు, అడ్రసు వరసలు ఇక్కడ పలికే తీరులో రాశాం. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఏ పనికి ఏ బస్

జీపీఐబీ 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ తన పరికరాల కోసం చేసుకున్న బస్, అంటే పరికరాలన్నీ కలిసి వాడుకునే తీగల దారి. 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది. వేగం తక్కువ, గరిష్ఠంగా సెకనుకు 1 మెగాబైట్. అయినా మల్టీమీటర్ ఒక రీడింగుకి పంపేది పదిహేను, ఇరవై అక్షరాలే కాబట్టి ఆ పనికి ఇది చాలు. జీపీఐబీ పాతదైపోయిందని మంచి మీటరును పక్కన పడేయడం డబ్బు దండగ.

పెట్టెలో కార్డులుగా గుచ్చే మోడ్యులర్ పరికరాల దారి వేరు. 1987లో ఐదు కంపెనీలు కలిసి వీఎంఈ అనే కంప్యూటర్ బస్ ఆధారంగా వీఎక్స్‌ఐ తెచ్చాయి. 1997లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కాంపాక్ట్ పీసీఐ అనే ఇంకో కంప్యూటర్ బస్ మీద పీఎక్స్‌ఐ తెచ్చింది. 2005లో దానికే పీసీఐ ఎక్స్‌ప్రెస్ చేర్చి పీఎక్స్‌ఐ ఎక్స్‌ప్రెస్ అన్నారు. పెట్టె వెనక బోర్డులో క్లాకు, ట్రిగ్గర్ (‘ఇప్పుడు మొదలుపెట్టు’ అనే సంకేతం) తీగలు ముందే పరిచి ఉండటమే దీని అసలు బలం. ఎల్ఎక్స్‌ఐ 2005లో వచ్చింది. మామూలు ఈథర్‌నెట్ మీద పరికరాలు ఎలా ప్రవర్తించాలో చెప్పే ఒప్పందం అది.

ఎంపిక చేసేటప్పుడు చాలామంది ముందు వేగం అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఏ రెండు పరికరాలు ఒకే క్షణంలో పనిచేయాలి అన్నది ముందు తేల్చుకోండి. నానోసెకన్ల లెక్కలో కలిసి నడవాల్సినవి ఒకే పీఎక్స్‌ఐ పెట్టెలో ఉండాలి. షెడ్డుకి ఆ చివరా ఈ చివరా ఉండాల్సినవి ల్యాన్ మీద ఉండాలి. నిమ్మళంగా రీడింగు ఇస్తే చాలనుకునేవి జీపీఐబీ మీదున్నా యూఎస్‌బీ మీదున్నా తేడా లేదు. మన ఉదాహరణలో కచ్చితమైన సమయం కావాల్సింది రిలే, స్కోపుల మధ్యే. మీటరు, సప్లయ్ తీరిగ్గా ఉండొచ్చు.

జీపీఐబీ గొలుసు

కేబుల్ తలలు ఒకదాని మీద ఒకటి గుచ్చుకునేలా ఉంటాయి, కాబట్టి గొలుసులాగైనా నక్షత్రంలాగైనా వేసుకోవచ్చు. కొలతలు మాత్రం దాటకూడదు. కంప్యూటర్‌తో కలిపి ఒక బస్ మీద 15 పరికరాలకు మించకూడదు. మొత్తం కేబుల్ 20 మీటర్లు, లేదా పరికరాల సంఖ్యను 2 మీటర్లతో గుణిస్తే వచ్చేది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే హద్దు. ఇక్కడే లెక్క తప్పుతారు. కంప్యూటర్, మీటరు, సప్లయ్ అంటే మూడు పరికరాలు, అంటే 6 మీటర్లే. 20 మీటర్లు ఉంది కదా అని పక్క గదికి 8 మీటర్లు లాగితే బల్ల మీద బాగా నడిచిన ప్రోగ్రాం అప్పుడప్పుడు ఒక బైటు మింగేస్తుంది. రెండు పరికరాల మధ్య 4 మీటర్లు దాటనివ్వకండి. ఒకే సాకెట్ మీద మూడు, నాలుగు తలల కంటే ఎక్కువ పేర్చకండి. ఆ బరువుకి పరికరం లోపలి సోల్డరింగు పగులుతుంది.

స్క్రూల రంగు చూసి బిగించండి. నల్లవి మెట్రిక్ మర, తెల్లగా మెరిసేవి పాత ఇంగ్లీషు మర. తెల్ల స్క్రూని నల్లదాంట్లోకి బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, ఆ తర్వాత ఆ కనెక్టర్ ఎప్పటికీ లూజే. వేళ్లతో బిగించినంత చాలు, స్క్రూడ్రైవర్ పట్టి మెలితిప్పే పని లేదు.

ఈ బస్‌లో 8 డేటా తీగలు, 3 హ్యాండ్‌షేక్ తీగలు, 5 అదుపు తీగలు ఉంటాయి. మిగతావన్నీ భూమి తీగలు, షీల్డు. ప్రతి బైటునీ వినేవాళ్లందరూ అందుకున్నారని ఖాయమయ్యాకే పంపేవాడు తర్వాతి బైటు పెడతాడు. అంటే గుంపులో అందరికంటే నెమ్మదైన పరికరం నడకే ఆ కమాండ్‌కు బస్ నడక. ఒక్కొక్కరినే పలకరిస్తే ఈ తేడా తెలియదు. అందరికీ కలిపి ఒకే కమాండ్ పంపితే తెలుస్తుంది.

ఇంకో నియమం ఉంది. బస్ మీదున్న పరికరాల్లో కనీసం మూడింట రెండు వంతులు ఆన్‌లో ఉండాలి. ఆఫ్ చేసిన పరికరం కూడా తీగల మీద భారమే. వాడని మీటరును స్విచ్ ఆపి కేబుల్ అలాగే వదిలేస్తే మిగతావి తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. వాడనిదాన్ని బస్ నుంచి పీకి పక్కన పెట్టండి.

అడ్రసు, తొలి పలకరింపు

జీపీఐబీ అడ్రసు 0 నుంచి 30 లోపు ఉండాలి. 34401ఏ ఫ్యాక్టరీ నుంచి 22తో వస్తుంది, ఈ3631ఏ 5తో వస్తుంది. కంప్యూటర్‌ని జీపీఐబీకి కలిపే అడాప్టర్‌కీ ఒక అడ్రసు ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాటికి మామూలుగా 0, కీసైట్ వాటికి 21. పరికరాలకు ఈ రెండూ ఇవ్వకపోతే రేపు అడాప్టర్ మార్చినా గొడవ ఉండదు. ఒకే అడ్రసుతో రెండు పరికరాలుంటే రెండూ ఒకేసారి జవాబిస్తాయి. తీగల మీద రెండు మాటలూ కలిసిపోయి చెత్త అక్షరాలు వస్తాయి, లేదంటే అంతా కొయ్యబారుతుంది. రాక్ ముందు ప్రతి పరికరం మీద అడ్రసు రాసిన చిన్న స్టిక్కర్ అంటించండి.

34401ఏలో అడ్రసు, ఇంటర్‌ఫేస్ ఎంపిక రెండూ ముందు ప్యానెల్ ఐఓ మెనూలో ఉంటాయి. ఈ మీటరు జీపీఐబీ, ఆర్ఎస్232 (పాత సీరియల్ పోర్టు) రెండిట్లో ఒక్కటే వింటుంది. అంతకుముందు ఎవరైనా ఆర్ఎస్232కి మార్చి వదిలేసి ఉంటే మీరు జీపీఐబీలో ఎంత అరిచినా పలకదు. కేబుల్ మార్చడానికి ముందు ఆ మెనూ చూడండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో వీసా లైబ్రరీ కావాలి (పాస్‌పోర్టు వీసా కాదు, పరికరాల భాషకు ఉమ్మడి గుమ్మం). నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (ఎన్ఐ) వారి ఎన్ఐ వీసా ఉంది, కీసైట్ ఐఓ లైబ్రరీస్ ఉంది. రెండూ ఒకే యంత్రంలో వేస్తే ఏది ప్రధానమో సెట్టింగులో తేల్చాలి. తేల్చకపోతే ఒకదాని అడాప్టర్ మరొకదానికి కనపడదు. మొదటిసారి వేసేవాళ్లు మీ అడాప్టర్ ఎవరిదో వాళ్ల లైబ్రరీనే ముందు వేసుకోండి. సాఫ్ట్‌వేర్ ముందు, అడాప్టర్ గుచ్చడం తర్వాత.

పలకరింపు ఒక్కొక్కటిగా జరగాలి. బస్ మీద మీటరు ఒక్కటే ఉంచి, పరికరాలను వెతికే ప్రోగ్రాంలైన ఎన్ఐ మ్యాక్స్‌లో గానీ కీసైట్ కనెక్షన్ ఎక్స్‌పర్ట్‌లో గానీ వెతికించండి. ‘జీపీఐబీ0::22::ఇన్‌స్టర్’ అనే వరస కనిపిస్తుంది. దాన్ని తెరిచి, నువ్వెవరని అడిగే ‘*ఐడీఎన్?’ కమాండ్ పంపండి. తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ అని కామాలతో విడదీసిన నాలుగు ముక్కలు రావాలి. 34401ఏ సీరియల్ నంబర్ చోట 0 ఇస్తుంది, అది తప్పు కాదు. కంపెనీ పేర్లు మారుతూ వచ్చాయి కూడా. హ్యూలెట్ ప్యాకార్డ్ నుంచి 1999లో ఎజిలెంట్ విడిపోయింది, 2014లో అందులోంచి కీసైట్ వచ్చింది. అందుకే ప్రోగ్రాంలో తయారీదారు పేరు పోల్చకండి, మోడల్ నంబర్ మాత్రమే పోల్చండి.

ఒకటి పలికాక రెండోది కలపండి, మళ్లీ రెండిటినీ పలకరించండి. అన్నీ కలిపేసి ఒకేసారి వెతికితే ఏది మొరాయిస్తోందో తేలక సాయంత్రమవుతుంది.

ల్యాన్ స్కోపు

ల్యాన్ పరికరాలను కాలేజీ వైఫైకో, ఆఫీసు నెట్‌వర్క్‌కో కలపొద్దు. వేరే చిన్న స్విచ్ ఒకటి పెట్టి, కంప్యూటర్‌కి రెండో ల్యాన్ కార్డు వేసి, టెస్టు రాక్‌కి సొంత నెట్‌వర్క్ ఇవ్వండి. కంప్యూటర్‌కి 192.168.10.1, స్కోపుకి 192.168.10.21, రెండిటికీ మాస్క్ 255.255.255.0. స్థిరమైన అడ్రసే ఇవ్వండి. డీహెచ్‌సీపీకి (అడ్రసులు తనంతట తాను పంచే పద్ధతి) వదిలేస్తే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అడ్రసు మారే ప్రమాదం ఉంది. మన దగ్గర కరెంటు పోని వారం ఏది? స్కోపు తెరమీద 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే డీహెచ్‌సీపీ సర్వర్ దొరక్క తనంతట తాను పెట్టుకున్నదని అర్థం.

ఎల్ఎక్స్‌ఐ గుర్తు ఉన్న పరికరమైతే బ్రౌజర్‌లో ఆ అడ్రసు కొట్టండి. పరికరం సొంత పేజీ తెరుచుకుని మోడల్, సీరియల్ నంబర్, వాడాల్సిన వీసా వరస చూపిస్తుంది. ఆ వరసను అక్కడినుంచే కాపీ చేసుకుంటే అచ్చుతప్పుల బాధ ఉండదు. ఎవరో పాత అడ్రసు, పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోయారా? వెనక ల్యాన్ రీసెట్ బొత్తాం కోసం చూడండి. కొన్నింటిలో అది సన్న రంధ్రంలో ఉంటుంది, పిన్నుతో నొక్కాలి.

మాట్లాడే పద్ధతులు మూడు. పాతది వీఎక్స్‌ఐ-11. ఇది ముందు 111 పోర్టు తట్టి, తర్వాత ఏదో ఒక పోర్టుకు మారుతుంది. అందుకే విండోస్ ఫైర్‌వాల్ దగ్గర తరచూ ఆగిపోతుంది. కొత్తది హైస్లిప్, 4880 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు. మీ స్కోపులో హైస్లిప్ ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా అదే వాడండి. మూడోది వట్టి సాకెట్. కీసైట్ వాటిలో 5025, కొన్ని రిగోల్ స్కోపుల్లో 5555. సాకెట్ వాడితే ప్రతి కమాండ్ చివర న్యూలైన్ మీరే పెట్టాలి, జవాబు ఎక్కడ ఆగిందో కూడా న్యూలైన్ చూసి మీరే తేల్చుకోవాలి. పెట్టకపోతే స్కోపు ఇంకా ఏదో వస్తుందని చూస్తూనే ఉంటుంది, మీ ప్రోగ్రాం జవాబు కోసం చూస్తూనే ఉంటుంది.

ఎన్ఐ వీసా ల్యాన్ పరికరాలను తనంతట తాను జాబితాలో చూపించకపోవచ్చు. మ్యాక్స్‌లో చేత్తో చేర్చాలి, లేదా ప్రోగ్రాంలో పూర్తి వరస రాయాలి. జాబితాలో లేదంటే పరికరం చెడిందని కాదు.

ల్యాన్‌కి ఉన్న ఇంకో మేలు షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు లాంటి చోట్ల బాగా తెలుస్తుంది. ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కాబట్టి షీల్డు లేని వైరు వాడితే రెండు చోట్ల ఎర్త్‌లు కలవవు. జీపీఐబీ, యూఎస్‌బీ రెండూ కంప్యూటర్ భూమినీ పరికరం భూమినీ కలిపేస్తాయి. పెద్ద మోటార్లు, వెల్డింగు సెట్లు నడిచే షెడ్డులో దూరానికి యూఎస్‌బీ లాగితే మిల్లీవోల్టు రీడింగులు ఊగుతాయి.

యూఎస్‌బీ పరికరాల గురించి చెప్పాల్సింది తక్కువే. యూఎస్‌బీటీఎంసీ (కొలత పరికరాలు యూఎస్‌బీలో మాట్లాడే ప్రమాణం) ఉన్న పరికరమైతే గుచ్చగానే వీసాలో కనిపిస్తుంది. కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. హబ్ అవసరమైతే సొంత పవర్ అడాప్టర్ ఉన్నదే వాడండి. విండోస్‌లో యూఎస్‌బీ విద్యుత్ ఆదా సెట్టింగు ఆపేయండి. రాత్రంతా నడిచే టెస్టు మధ్యలో పరికరం మాయమైతే మొదట చూడాల్సింది ఇదే. లైనక్స్‌లో రూట్‌కి (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పలికి మామూలు యూజర్‌కి పలకకపోతే యూడెవ్ (పరికరాల అనుమతులు చూసే భాగం) నియమం రాయాలి.

పీఎక్స్‌ఐ పెట్టె

కార్డు గుచ్చేటప్పుడు పెట్టె స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. గోడ ప్లగ్గు మాత్రం పీకకండి. పవర్ కార్డు ద్వారానే పెట్టెకి ఎర్త్ అందుతుంది. మీ ఒంటి స్టాటిక్ పోవాలంటే ముందు ఆ పెట్టె లోహాన్ని ముట్టుకోవాలి, మణికట్టు పట్టీ ఉంటే ఇంకా మంచిది. కార్డుని పైనా కిందా పట్టాల్లో నిలబెట్టి, చివర పిడి కిందికి ఉన్న స్థితిలో లోపలికి జరిపి, పిడి పైకెత్తితే కార్డు కూర్చుంటుంది. తర్వాత ముందు స్క్రూలు రెండూ బిగించండి. గట్టిగా తగిలిందంటే ఆగండి, వెనక పిన్ను వంగిందేమో టార్చి వేసి చూడండి. వంగిన ఒక్క పిన్నుతో మొత్తం వెనక బోర్డు మార్చాల్సి రావచ్చు.

పెట్టెని నడిపే కంట్రోలర్ కార్డు ఎప్పుడూ ఎడమ చివర 1వ స్లాటే. మిగతా స్లాట్లలో అన్ని కార్డులూ అన్నిచోట్లా పట్టవు. ఎక్స్‌ప్రెస్ పెట్టెల్లో పాత, కొత్త కార్డులు రెండూ పట్టే హైబ్రిడ్ స్లాట్లుంటాయి. పాత పీఎక్స్‌ఐ కార్డు వెనక రెండో కనెక్టర్ మామూలు రూపంలో ఉంటే అది హైబ్రిడ్ స్లాటులో కూర్చోదు, ‘హైబ్రిడ్ కంపాటిబుల్’ అని ఉన్నదే కూర్చుంటుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేముందు వెనక కనెక్టర్ల ఫొటో అడగండి.

ఖాళీ స్లాట్లకు మూతలు తప్పనిసరి. మూత లేని స్లాటు నుంచి గాలి బయటికి పోతుంది, పక్క కార్డుల మీదికి రావలసిన గాలి రాదు. మే నెలలో ఏసీ ఆగిపోతే ముందు వేడెక్కేవి ఆ కార్డులే. ఫ్యాన్ స్విచ్ ఆటోలో ఉంటే హైకి మార్చండి. చప్పుడెక్కువ, కానీ కార్డు బతుకుతుంది. ఫిల్టర్ నెలకోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఓడరేవు వైపు దుమ్ము పడే చోట పదిహేను రోజులకోసారి.

పెట్టెని బయటి కంప్యూటర్‌కి ఎంఎక్స్‌ఐ కేబుల్‌తో (పెట్టెలోని కార్డులు కంప్యూటర్‌కి తనవేలా కనిపించేట్టు చేసే కేబుల్) కలిపితే వరస చాలా ముఖ్యం. ముందు పెట్టె ఆన్, తర్వాత కంప్యూటర్. ఆపేటప్పుడు ముందు కంప్యూటర్, తర్వాత పెట్టె. కంప్యూటర్ లేచేటప్పుడు ఒక్కసారే పీసీఐ కార్డులు లెక్కపెట్టుకుంటుంది. ఆ క్షణానికి పెట్టె సిద్ధంగా లేకపోతే అందులోని కార్డులు ఒక్కటీ ఉన్నట్టు లెక్కలోకి రావు. కరెంటు పోయి వచ్చాక రెండూ ఒకేసారి లేస్తాయి కాబట్టి ‘నిన్న పనిచేసింది, ఇవాళ కార్డులు లేవు’ అన్న ఫిర్యాదు వస్తుంది. చెడిందేమీ లేదు, పెట్టె ఆన్‌లో ఉండగా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. రెండిటినీ ఒకే యూపీఎస్ మీద పెడితే ఈ తంటా తగ్గుతుంది.

పీఎక్స్‌ఐ కార్డులు చాలావరకు ‘*ఐడీఎన్?’కి జవాబివ్వవు. వాటికి పదాల భాష లేదు, డ్రైవరే వాటి రిజిస్టర్లు చదివి రాస్తుంది. రిలే కార్డుకి రిలే డ్రైవర్, డేటా కార్డుకి డేటా డ్రైవర్ వేసి, మ్యాక్స్‌లో సెల్ఫ్ టెస్టు నడపండి.

పాత వీఎక్స్‌ఐ రాక్ దొరికిందా? 0వ స్లాటులో కంట్రోలర్, ప్రతి కార్డుకీ వేరే లాజికల్ అడ్రసు (255 పెడితే తనంతట తాను తీసుకుంటుంది), ఖాళీ స్లాట్ల వెనక అంతరాయ (ఇంటరప్ట్) గొలుసు జంపర్లు సరిగ్గా ఉన్నాయా అన్నది చూసుకోండి. జంపర్ లేని ఖాళీ స్లాటు తర్వాత ఉన్న కార్డుల అంతరాయాలు కంట్రోలర్‌కి చేరవు. కొత్తగా డబ్బు పెట్టడానికి మాత్రం ఇది చోటు కాదు.

ప్రోగ్రాం: టైమవుట్ దగ్గరే సగం గొడవ

పైథాన్‌తో అయితే వీసాని పిలిచే పైవీసా లైబ్రరీ కూడా వేసుకుంటే చాలు. రిసోర్స్ మేనేజర్ తెరవండి, పై వరసలతో ఒక్కో పరికరం తెరవండి. ప్రతి పరికరానికీ మొదట డివైస్ క్లియర్, తర్వాత ‘*ఆర్ఎస్‌టీ’ (రీసెట్), ‘*సీఎల్ఎస్’ (పాత తప్పులు చెరపడం), చివర ‘*ఓపీసీ?’ (పని పూర్తయిందా) పంపి 1 వచ్చేదాకా ఆగండి. రీసెట్ ఇంకా పూర్తవకుండా తర్వాతి కమాండ్ పంపితే అది గాల్లో కలిసిపోవచ్చు.

సప్లయ్‌కి ‘అప్లయ్ పీ6వీ, 5.0, 1.0’ పంపితే 6 వోల్టుల అవుట్‌పుట్‌లో 5 వోల్టులు, 1 ఆంపియర్ హద్దు పడుతుంది. బోర్డు తగిలించి ఉందని చూసుకున్నాకే ‘అవుట్‌పుట్ ఆన్’. ప్రోగ్రాం ఎక్కడ తప్పినా అవుట్‌పుట్ ఆఫ్ అయ్యేలా, తప్పు వచ్చినా చివర నడిచే ఫైనలీ భాగంలో ఒక వాక్యం ఉండాలి. ఇది రాయకుండా వదిలేస్తే, మధ్యలో ఆగిన ప్రోగ్రాం తర్వాత బోర్డు రాత్రంతా కరెంటులోనే ఉంటుంది.

ఇప్పుడు మీటరు. 34401ఏని 100 పీఎల్‌సీకి, అంటే 100 మెయిన్స్ చక్రాల సగటుకి పెట్టారనుకోండి. మన 50 హెర్ట్జ్‌లో ఒక చక్రం 20 మిల్లీసెకన్లు, కాబట్టి 100 చక్రాలు 2 సెకన్లు. ఆటోజీరో ఆన్‌లో ఉంటే సున్నాను కూడా అంతసేపూ కొలుస్తుంది, మొత్తం దాదాపు 4 సెకన్లు. పైవీసాలో మామూలు టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, 2 సెకన్లే. అంటే మీటరు సక్రమంగా పనిచేస్తున్నా ప్రోగ్రాం ప్రతిసారీ తప్పు చూపిస్తుంది. టైమవుట్ 10,000 మిల్లీసెకన్లకు పెంచండి. రెగ్యులేటర్ పనికి 10 పీఎల్‌సీ చాలు, అంతకుమించిన సూక్ష్మత ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

తప్పు నంబర్లు గుర్తుపెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది. మైనస్ 1073807339 అంటే టైమవుట్. మైనస్ 1073807343 అంటే ఆ వరసతో పరికరమే దొరకలేదు. మైనస్ 1073807265 అంటే బస్ మీద వినేవాళ్లు లేరు. అడ్రసు తప్పు, లేదా మీటరు ఆఫ్, లేదా కేబుల్ ఊడింది. ఇవి కంప్యూటర్ చెప్పేవి. పరికరం చెప్పేవి ‘సిస్ట్:ఎర్ర్?’ అడిగితే వస్తాయి. మైనస్ 113 అంటే కమాండ్ స్పెల్లింగు తప్పు. మైనస్ 420 అంటే మీరు ప్రశ్న అడక్కుండానే జవాబు చదవబోయారు, చాలాసార్లు ప్రశ్నార్థకం మరిచిపోవడమే కారణం. మైనస్ 410 అంటే జవాబు చదవకుండా ఇంకో ప్రశ్న వేశారు. సున్నా వచ్చేదాకా ‘సిస్ట్:ఎర్ర్?’ మళ్లీమళ్లీ అడగాలి. తప్పులు వరసలో పేరుకుని ఉంటాయి, మొదట వచ్చేది పాతదే కావచ్చు.

నిమిషాలపాటు సాగే కొలతకి టైమవుట్ పెంచుకుంటూ పోవడం మోటు పద్ధతి. ‘*ఈఎస్ఈ 1’, ‘*ఎస్ఆర్ఈ 32’ పెట్టి, పని చివర ‘*ఓపీసీ’ (ప్రశ్నార్థకం లేకుండా) పంపితే పూర్తవగానే పరికరమే సర్వీస్ రిక్వెస్టు తీగ లాగుతుంది. ఈలోగా ప్రోగ్రాం వేరే పని చూసుకోవచ్చు.

ట్రిగ్గర్

మన ఉదాహరణలో అసలు కష్టం ఇక్కడుంది. రిలే మూయమని ఒక కమాండ్, స్కోపు పట్టుకోమని ఇంకో కమాండ్ పంపితే వాటి మధ్య ఎంత సమయం పట్టేదీ విండోస్ దయ. ఒకసారి రెండు మిల్లీసెకన్లు, ఇంకోసారి ఇరవై. సాఫ్ట్‌వేర్‌తో సమయం కలపాలని చూడకండి, తీగతో కలపండి. స్కోపుని ముందే సింగిల్ మోడ్‌లో (ఒక్కసారి పట్టి ఆగేలా) సిద్ధంగా ఉంచండి. పీఎక్స్‌ఐ పెట్టెలోని కార్డు నుంచి ట్రిగ్గర్ అవుట్‌ని కోయాక్సియల్ కేబుల్‌తో స్కోపు బయటి ట్రిగ్గర్‌కి ఇవ్వండి. మామూలు ఆర్‌జీ-58 కేబుల్ మీటరుకి సుమారు 5 నానోసెకన్లు ఆలస్యం చేస్తుంది. రిలే కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, మూసుకున్నాక దాని కాంటాక్టు కొంతసేపు ఎగురుతుంది కూడా. కాబట్టి ఇక్కడ కేబుల్ ఆలస్యం పట్టించుకోనక్కర్లేదు, స్కోపు తెర మీద ట్రిగ్గర్ తర్వాతి సమయం ఎక్కువ కనపడేలా పెట్టుకోవడమే పట్టించుకోవాలి. ఆ ఎగురుడు వోల్టేజీ కుంగుడులా కనిపించి మోసం చేస్తుంది. లోడు కరెంటుని రెండో చానెల్‌లో చూస్తే ఏది ఏదో తేలిపోతుంది.

రెండు కార్డులూ ఒకే పెట్టెలో ఉంటే వెనక బోర్డులోని 8 ట్రిగ్గర్ తీగలు వాడండి, 10 మెగాహెర్ట్జ్ క్లాకు ఉమ్మడిగా వస్తుంది. ప్రతి స్లాటుకీ విడి తీగ ఉండే స్టార్ ట్రిగ్గర్‌తో స్లాటు స్లాటుకీ తేడా 1 నానోసెకను లోపే ఉంటుంది. 18 స్లాట్ల పెట్టెల్లో ఈ ట్రిగ్గర్ తీగలు ఆరేసి స్లాట్ల చొప్పున మూడు ముక్కలై ఉండటం మామూలు. 4వ స్లాటు నుంచి పంపిన ట్రిగ్గర్ 9వ స్లాటుకి రాలేదంటే మ్యాక్స్‌లో ఆ ముక్కల మధ్య దారి తెరవలేదన్నమాట.

స్కోపు ప్రోబు భూమి క్లిప్పు నేరుగా ఎర్త్‌కే కలిసి ఉంటుందని మరవకండి. సప్లయ్ మైనస్ టెర్మినల్ ఎర్త్‌కి కలవకుండా తేలుతూ ఉంటుంది. క్లిప్పుని రెగ్యులేటర్ ప్లస్ వైపు తగిలిస్తే, ఎర్త్‌కి కలిసిన ఇంకో తీగ మైనస్ వైపు ఉన్నప్పుడు, నేరుగా షార్టే.

ఉప్పుగాలి

సముద్రం పక్క ఊళ్లో టెస్టు రాక్‌కి నిజమైన శత్రువు తేమ. 34401ఏ పూర్తి కచ్చితత్వానికి 40 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ హద్దు, ఆన్ చేశాక గంటసేపు వేడెక్కనివ్వాలి. వానాకాలంలో కిటికీ తెరిచిన గదిలో ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి రాక్ పక్కన వేలాడదీయండి. ఏసీ గదిలో చల్లబడ్డ పరికరాన్ని బయటికి, జెట్టీ దగ్గరికో షెడ్డులోకో తీసుకెళ్లగానే ఆన్ చేయొద్దు. చల్లని లోహం మీద గాలిలో తేమ నీరై పడుతుంది. మూత వేసిన పెట్టెలోనే గంటా రెండు గంటలు ఉంచి, వెచ్చబడ్డాక తెరవండి.

జీపీఐబీ పిన్నుల మీద బంగారు పూత ఉంటుంది, తుప్పు పట్టేది చుట్టూ ఉన్న లోహం, స్క్రూలు. ఆరు నెలలకోసారి కనెక్టర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు రాలని గుడ్డతో తుడవండి. గరుకు కాగితం, రబ్బరు వాడకండి, పలచని పూత లేచిపోతుంది. నూనె స్ప్రేలు కొట్టకండి, దుమ్ము అతుక్కుని జిగురవుతుంది. వాడని కేబుళ్లను సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి. ఆ పొట్లం రంగు మారితే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎర్త్ కూడా ఏడాదికోసారి చూడాలి. రాక్ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. రెండు మూడు వోల్టులు దాటుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ గొయ్యి ఎండిపోయిందో, తీగ తుప్పు పట్టి తెగిందో వాళ్లు చూస్తారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ప్లగ్గు పీకడం ఒక్కటే చాలదు. బయటి నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా పీకండి. మెరుపు దెబ్బకి ఆ వైరు మీదుగా స్కోపు పోర్టు పోతే రిపేరు ఖర్చు చిన్నది కాదు.